ఇంటి బండి: బ్రేకు ఆయిలుకు కూడా వయసుంటుంది



క్రిందటి నెల ఈ శీర్షికలో టైర్ల గురించి వ్రాశాము. ఈ నెల బ్రేకు ఆయిలు గురించి వ్రాస్తున్నాము.

కారు ఉన్న ఇంటిలో ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చారని అడిగితే ఇంటాయన వెంటనే చెబుతాడు. బ్యాటరీ ఎప్పుడు కొన్నారో ఇంటిలోని పిల్లలు కూడా చెబుతారు. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం చాలామంది "తగ్గలేదండీ, నిండుగానే ఉన్నది" అంటారు. అడిగినది ఒకటి, చెప్పినది ఒకటి. ఆయిలు ఎంత ఉన్నది అనేది ఒక సంగతి. అది ఎన్నాళ్లది అనేది వేరొక సంగతి. ఈ రెండవ సంగతిని మనము పట్టించుకోము. ప్రమాదము అక్కడే పొంచి ఉంటుంది.

మన ఇండ్లలోని పాత కార్లు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో మన కుటుంబాలలో చాలా ఇండ్లలో ఉన్నది పాత బండే. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ కూడా అదే సంవత్సరము మే నెలలో నిలిచిపోయింది. మారుతి ఓమ్ని, టాటా సుమో బండ్ల తయారీ 2019లో ముగిసింది. అయినా ఈ బండ్లు మన పల్లెలలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొన్ని రెండు మూడు చేతులు మారి మన ఇంటికి చేరినవి. 15 ఏండ్లు నిండిన సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, 5 ఏండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొని నడిపే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. పాత బండిని ఉంచుకొనుట తప్పు కాదు. ఒళ్లు దగ్గర పెట్టుకొని చూసుకుంటే పాత బండి నమ్మకంగా పని చేస్తుంది.

అయితే మన బండ్ల తీరు ఒకటి ఉన్నది. అవి రోజూ తిరగవు. ఆదివారము ఆరాధనకు, చుట్టాల పెండ్లికి, వరంగల్ ఆసుపత్రికి, ఎప్పుడైనా డోర్నకల్‌కో మెదక్‌కో ప్రయాణమైతే బయటకు వస్తాయి. మిగిలిన రోజులన్నీ వేపచెట్టు నీడన నిలబడి ఉంటాయి. "బండి తిరిగితే కదా ఏదైనా అరిగేది?" అని మనము నిశ్చింతగా ఉంటాము. బ్రేకు షూల విషయములో ఈ మాట కొంతవరకు నిజమే. బ్రేకు ఆయిలు విషయములో ఇది పూర్తిగా తప్పు. బ్రేకు ఆయిలు కిలోమీటర్లను లెక్క పెట్టదు. నెలలను లెక్క పెడుతుంది. తిరగని కారులో కూడా అది ముసలిదవుతూనే ఉంటుంది.

ఈ ఆయిలు చేసే పని

పిల్లలకు చూపించడానికి తేలికైన ఒక ప్రయోగము చెబుతాము. సూది తీసివేసిన కొత్త సిరంజిలో గాలి లేకుండా నీళ్లు నింపండి. దాని మూతిని వేలితో గట్టిగా మూసి వెనుక నుండి నొక్కండి. అది కదలదు. తరువాత నీళ్లు తీసివేసి, గాలి మాత్రమే ఉంచి అలాగే నొక్కండి. ఈసారి సగం దూరము లోపలికి పోతుంది. ద్రవము నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. కారు బ్రేకు పని చేసేది ఈ సూత్రము మీదనే. మన కాలు పెడలును నొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ ఆయిలును నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నని గొట్టాల గుండా నాలుగు చక్రాలకు చేరి షూలను, ప్యాడ్‌లను బిగిస్తుంది. మన కాలికి, చక్రానికి నడుమ ఉన్న బంధము ఆ కొద్దిపాటి ద్రవమే.

ఆ ద్రవములో గాలి గాని ఆవిరి గాని చేరితే మన కాలి బలమంతా దానిని నొక్కడానికే సరిపోతుంది. చక్రానికి ఏమీ చేరదు.

నీరు ఎక్కడ నుండి వస్తుంది?

వానాకాలములో ఉప్పు డబ్బా మూత సరిగా పెట్టకపోతే ఉప్పు చెమ్మగిల్లుతుంది. బ్రేకు ఆయిలు గుణము కూడా అటువంటిదే. గ్లైకాల్ జాతి రసాయనాలతో తయారయ్యే ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రిజర్వాయరు మూతకు ఉన్న సన్నని రంధ్రము గుండా కొంత తేమ వస్తుంది. చక్రాల దగ్గర ఉన్న రబ్బరు హోస్ పైపుల గుండా కూడా కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. బండి కదిలినా కదలకపోయినా ఈ పని ఆగదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు మన దగ్గర గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకు తెలియనిది కాదు.

నీరు చేరితే రెండు నష్టాలు కలుగుతాయి.

మొదటిది, ఆయిలు తక్కువ వేడికే మరుగుతుంది. డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని వ్రాసి ఉండుట మీరు చూసే ఉంటారు. ఆ ప్రమాణముల ప్రకారము కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడికి మరుగకూడదు. అదే ఆయిలులో సుమారు 3.7 శాతము నీరు చేరినప్పుడు ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు కొత్తలో 230, నీరు చేరినప్పుడు 155 డిగ్రీలు. నూటికి నాలుగు పాళ్లు కూడా లేని నీరు ఎంత పని చేస్తుందో చూడండి. మాటిమాటికి బ్రేకు నొక్కినప్పుడు చక్రాల దగ్గర పుట్టే వేడికి ఈ పాత ఆయిలు మరుగుతుంది. ఆవిరి బుడగలు పుడతాయి. పెడలు నేలకు అంటుకుంటుంది.

మన మూడు జిల్లాలలో పెద్ద ఘాట్లు లేవు కదా అని మీరు అనవచ్చు. నిజమే. కాని మహబూబాబాద్ నుండి భద్రాచలము మీదుగా రాజమండ్రి వైపు పోయేవారు చింతూరు దాటిన తరువాత మారేడుమిల్లి ఘాటు దిగాలి. శ్రీశైలము దారిలో పోయేవారికీ ఘాటు తప్పదు. ఇంటిల్లిపాది ఎక్కిన కారు, పైన సామాను, ఎడతెగని మలుపులు. అంతవరకు ఊరిలో బాగానే పడిన బ్రేకు అక్కడే మొరాయిస్తుంది. ఇందులో మరొక చిక్కు ఉన్నది. బండి ఆపి గంటసేపు ఉంచితే ఆయిలు చల్లబడుతుంది, ఆవిరి తిరిగి ద్రవమవుతుంది, బ్రేకు మామూలుగా పడుతుంది. తరువాత మెకానిక్‌కు చూపిస్తే "ఏమీ లేదు, బాగానే ఉన్నది" అంటాడు. జబ్బు మాత్రము లోపలే ఉంటుంది.

రెండవ నష్టము మైదానములో తిరిగే బండికి కూడా తప్పదు. ఆయిలులో చేరిన నీరు మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, గొట్టాల లోపల తుప్పు పుట్టిస్తుంది. తుప్పు గరుకుకు రబ్బరు సీళ్లు కోసుకుపోతాయి, ఆయిలు కారుతుంది. కొన్నిసార్లు పిస్టను బిగుసుకుపోయి చక్రము పట్టేస్తుంది. ఒక చక్రము మాత్రమే వేడెక్కి మాడిన వాసన వస్తున్నదంటే, లేదా బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగుతున్నదంటే, ఇది ఒక కారణము కావచ్చు. ఎక్కువ కాలము నిలబడి ఉండే బండ్లలోనే ఈ బాధ తరచుగా కనబడుతుంది.

మట్టము తగ్గితే పోయడమేనా?

బానెట్ ఎత్తితే బ్రేకు ఆయిలు రిజర్వాయరు కనబడుతుంది. దాని మీద పై గీత, క్రింది గీత ఉంటాయి. ఆయిలు ఆ రెండింటి నడుమ ఉండాలి. నెలకొకసారి చదునైన చోట బండి నిలిపి చూడండి. మూత విప్పనక్కరలేదు, బయట నుండే కనబడుతుంది. అనవసరముగా విప్పితే తేమకు తలుపు తెరిచినట్లే.

మట్టము తగ్గితే వెంటనే డబ్బా తెచ్చి పోయకండి. అది ఎందుకు తగ్గిందో ముందు అడగండి. కారణాలు రెండే. ఒకటి, ప్యాడ్‌లు అరిగిపోతున్నకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిలు పోతుంది. ఇది నెలల తరబడి మెల్లగా జరుగుతుంది. అప్పుడు కావలసినది ఆయిలు కాదు, ప్యాడ్‌లు చూపించడము. రెండవది, ఎక్కడో కారుతున్నది. చక్రాల లోపలి వైపు తడి ఉన్నదేమో, పెడలు పైభాగములో చెమ్మ ఉన్నదేమో చూడండి. వారములోనే మట్టము దిగిపోతే ఆ బండిని బాగు చేయించే వరకు రోడ్డు ఎక్కించకూడదు.

ఏది పోయాలి, ఏది పోయకూడదు

రిజర్వాయరు మూత మీద గాని, బండితో వచ్చిన పుస్తకములో గాని డాట్ 3 అనో డాట్ 4 అనో వ్రాసి ఉంటుంది. అదే వాడండి. డాట్ 5 అనేది సిలికాన్‌తో తయారయ్యే వేరే జాతి. దానిని వీటితో కలపకూడదు. కొన్ని బండ్లలో క్లచ్చికి కూడా బ్రేకు ఆయిలే వాడతారని గుర్తుంచుకోండి.

పల్లెటూరిలో చీకటి పడ్డాక అత్యవసరము వచ్చినప్పుడు "ఆయిలే కదా" అని ఇంజను ఆయిలునో, ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలునో పోసేవారు ఉన్నారు. ఇది మహా ప్రమాదము. మన పెద్దలకు బాగా తెలిసిన ఆముదముతో ఈ సంగతి అర్థము చేసుకోవచ్చు. 1920, 30లలో ఇటువంటి బ్రేకులు కార్లలోకి వస్తున్న తొలి రోజులలో ఆముదములో ఆల్కహాలు కలిపి బ్రేకు ద్రవముగా వాడేవారు. భూమిలో నుండి తీసిన నూనెలను ఎందుకు వాడలేదు? అవి తగిలితే బ్రేకులోని రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. ఆముదము రబ్బరుకు ఆ హాని చేయదు. తరువాత గ్లైకాల్ ద్రవాలు ఆముదము స్థానములోకి వచ్చాయి గాని ఆ నియమము మారలేదు. ఇంజను ఆయిలు, డీజిలు, కిరోసిను చుక్క కూడా ఆ రిజర్వాయరులో పడకూడదు. దానిని కడగడానికి కూడా వాటిని వాడకూడదు. పొరపాటున ఎవరైనా పోస్తే బండి నడపకుండా మెకానిక్‌ను పిలిపించండి. చాలాసార్లు రబ్బరు భాగాలన్నీ మార్చవలసి వస్తుంది.

ఇంటి దగ్గర చేయదగిన పరీక్షలు

బండి కదలకముందు ఇంజను ఆపి ఉంచి పెడలును నాలుగైదుసార్లు నొక్కండి. తరువాత గట్టిగా నొక్కి అర నిమిషము అలాగే పట్టండి. పెడలు గట్టిగా నిలబడాలి. మెల్లమెల్లగా క్రిందికి దిగుతున్నదంటే ఎక్కడో కారుతున్నది, లేదా మాస్టర్ సిలిండరు సీలు పోయింది. స్పాంజిని నొక్కినట్లు మెత్తగా ఉన్నదంటే లోపల గాలి ఉన్నది. రెండు మూడుసార్లు కొడితే గాని బ్రేకు అందుట లేదంటే అది "ఈ బండికి అలవాటు" కాదు, జబ్బు.

ఆయిలు రంగు చూసి నిర్ణయించుకోవద్దు. కొత్త ఆయిలు లేత తేనె రంగులో ఉంటుంది, పాతబడినకొద్దీ నల్లబడుతుంది. నల్లబడితే మార్చవలసిందే. కాని రంగు బాగున్నంత మాత్రాన అందులో నీరు లేదనుకోకూడదు. నీరు కంటికి కనబడదు. కొన్ని షెడ్డులలో తేమ చూసే పెన్ను వంటి పరికరము ఉంటుంది. అది లేకపోతే తేదీయే మనకు ఆధారము. చాలా కంపెనీలు 2 సంవత్సరాలకొకసారి పూర్తిగా మార్చమని చెబుతాయి. పాత బండికి దీనిని దాటనివ్వకండి. సెకండు హ్యాండులో కొన్న బండికి పాత లెక్క తెలియకపోతే, కొన్న వారములోనే మార్పించి అక్కడ నుండి లెక్క మొదలుపెట్టండి.

షెడ్డుకు పోయినప్పుడు

"బ్రేకు ఆయిలు చూడు" అంటే మట్టము చూసి పైన కొంచెము పోసి పంపిస్తారు. పాతదానిలో కొత్తది కలిపితే నీరు పోదు. స్పష్టముగా చెప్పండి: "అన్నా, నాలుగు చక్రాల దగ్గర పాత ఆయిలు పూర్తిగా తీసి కొత్తది ఎక్కించు. డబ్బా సీలు నా ముందు విప్పు." సీలు విప్పిన డబ్బా షెడ్డు మూలన నెలల తరబడి ఉంటే అది కూడా తేమ పీల్చి ఉంటుంది. అందుకే మిగిలిన ఆయిలును వచ్చే ఏటికి దాచుకోవద్దు.

ఎయిర్ తీసే పద్ధతి తెలిసి ఉంటే మంచిది. ఒకరు పెడలు నొక్కి పట్టుకుంటారు. ఇంకొకరు చక్రము దగ్గర నిపిలు కొద్దిగా వదులు చేస్తారు. పాత ఆయిలు, బుడగలు బయటకు వస్తాయి. నిపిలు బిగించిన తరువాతనే పెడలు మీద నుండి కాలు తీయాలి. ఎక్కువ బండ్లలో మాస్టర్ సిలిండరుకు దూరముగా ఉన్న వెనుక ఎడమ చక్రముతో మొదలుపెడతారు. మీ బండి పుస్తకములో వేరుగా ఉంటే అదే పాటించాలి. పని జరుగుతుండగా రిజర్వాయరు ఖాళీ కాకూడదు.

పాత బండికి ఒక ప్రత్యేక జాగ్రత్త ఉన్నది. మామూలుగా బ్రేకు వేసినప్పుడు పెడలు సగం దూరమే పోతుంది. అంటే మాస్టర్ సిలిండరు లోపలి చివరి భాగము ఏండ్ల తరబడి వాడకుండా తుప్పు పట్టి ఉండవచ్చు. ఎయిర్ తీసేటప్పుడు పెడలును నేలవరకు తొక్కితే సీళ్లు ఆ తుప్పు మీదికి పోయి కోసుకుపోతాయి. బాగున్న బ్రేకు పని చేయించిన మరునాడే పాడైందని మనము మెకానిక్‌ను తిడతాము. పెడలు క్రింద చిన్న చెక్కముక్క పెట్టి తొక్కమనండి. చక్రాల దగ్గర రబ్బరు హోసులు పగిలినా ఉబ్బినా అప్పుడే మార్పించండి. ఆయిలు పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. వెంటనే నీళ్లతో కడగాలి.

రోడ్డు మీద బ్రేకు పడకపోతే

జనగామ దగ్గర హైదరాబాద్–వరంగల్ రహదారి మీద బండ్లు ఎంత వేగముగా పోతాయో చూస్తూనే ఉన్నాము. భూపాలపల్లి వైపు సింగరేణి బొగ్గు, చెల్పూరులోని విద్యుత్ కేంద్రము వలన లారీల, టిప్పర్ల రద్దీ ఉంటుంది. మహబూబాబాద్ దారులలో పత్తి ట్రాక్టర్లు, సాయంత్రము ఇంటికి మళ్లే గొడ్లు అడ్డము వస్తాయి. అటువంటి చోట పెడలు క్రిందికి పోతే ఏమి చేయాలో ఇంటిలో బండి నడిపే ప్రతి ఒక్కరికి ముందే తెలిసి ఉండాలి.

పెడలును వెంటవెంటనే కొడుతూ ఉండండి, కొంత ఒత్తిడి తిరిగి రావచ్చు. గేరు ఒక్కొక్కటిగా దించండి. ఇంజనే బండిని పట్టి లాగుతుంది. హ్యాండు బ్రేకు వైరుతో పని చేస్తుంది కనుక దానికి ఆయిలుతో పని లేదు. దానిని ఒక్కసారిగా గుంజకుండా మెల్లమెల్లగా ఎత్తండి. హారను మ్రోగిస్తూ, లైట్లు వేసి, రోడ్డు ప్రక్కన మట్టి ఉన్న చోటికి దించండి. బండి ఆగే వరకు తాళము త్రిప్పి ఇంజను ఆపకండి. బండి పూర్తిగా నిలిచిన తరువాత తిరిగి బ్రేకు పడుతున్నట్లు అనిపించినా ఆ రోజుకు దానిని నడపవద్దు.

ఘాటులో అయితే, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగితే భారమంతా బ్రేకు మీద పడుతుంది. మిగిలే పెట్రోలు కొంచెము, పోయేది ప్రాణము.

ఇంటిలో తల్లులకు ఒక మాట

బ్రేకు ఆయిలు విషము. మిగిలినదానిని కూల్‌డ్రింకు సీసాలో పోసి గూటిలో పెట్టే అలవాటు మన ఇండ్లలో ఉన్నది. లేత తేనె రంగు చూసి పిల్లలు త్రాగే వస్తువనుకుంటారు. దానిని ఇంటిలో ఉంచనే వద్దు. పొరపాటున ఎవరైనా త్రాగితే వాంతి చేయించే ప్రయత్నము చేయక, 108కు ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. డబ్బా కూడా వెంట తీసుకుపోతే వైద్యునికి పని తేలికవుతుంది. పాత ఆయిలును బావి దగ్గర, కాలువలో పారబోయకుండా షెడ్డులోనే ఇచ్చి రండి.

ఇంతగా చెప్పినా దీనికి అయ్యే పని చాలా చిన్నది. చిన్న కారుకు అర లీటరు నుండి లీటరు ఆయిలు, మెకానిక్‌కు గంట, రెండు గంటల పని. రెండు సంవత్సరాలకొకసారి. వేసవి పెండ్లిండ్లు, సెలవు ప్రయాణాలు మొదలుకాక ముందు మార్చి నెలలో చేయించుకుంటే గుర్తుంటుంది. మార్చిన తేదీని చిన్న కాగితము మీద వ్రాసి బానెట్ లోపలి వైపు అతికించండి. ఇంటి లెక్కల పుస్తకములో కూడా వ్రాసుకోండి. ఈసారి "బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారు?" అని ఎవరైనా అడిగితే నెల, సంవత్సరము చెప్పగలగాలి. మన వెనుక సీటులో కూర్చున్న తల్లిదండ్రులు, పిల్లలు ఆ సంగతి అడగరు. బండి ఆగుతుందని నమ్మి కూర్చుంటారు.

వచ్చే నెల ఇదే శీర్షికలో వానాకాలము ముందు వైపర్లు, లైట్లు ఎలా చూసుకోవాలో వ్రాస్తాము.